ఆమెన్ అనేదాకా తలుపు తియ్యరు

మార్చి 4, మంగళవారం

ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే, ముందుగా నా రాతను క్షమించమని వేడుకుంటున్నాను. అది కోడి కెలికినట్టుంటుంది. మా అమ్మమ్మకు పక్షవాతం రావడంతో తొమ్మిదో తరగతి మధ్యలోనే బడి మానేశాను. అందుకని స్పెల్లింగులు ఆ పూట ఎలా తోస్తే అలా వస్తాయి. ఒకే మాటను ఒకే పేజీలో రెండు రకాలుగా రాసి ఉంటే, రెండిట్లో ఏదో ఒకటి సరైనదే అయ్యుంటుంది. మీకు నచ్చింది తీసుకోండి.

రాయమన్నది రొషాండా. నా భర్త కోర్డెల్‌కు అక్క.

"నోరెలాగూ విప్పవు. కనీసం కాగితం మీదైనా మాట్లాడు, అలవాటవుతుంది" అంది.

"ఎవరితో మాట్లాడను?"

"నీతోనే. నీకంటే ఓపిగ్గా వినేవాళ్ళు ఈ మేకన్ ఊళ్ళో ఎవరున్నారు?"

కోర్డెల్ సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్. అతను ఇది చదవడు. చదివే అలవాటే ఉంటే కరెంటు బిల్లు చదివేవాడు.

మార్చి 5

ఈరోజు రాయడానికి ఏమీ లేదు. రాయలేదనిపించుకోకుండా రాస్తున్నాను.

మార్చి 7, శుక్రవారం

రొషాండా ఫోన్ చేసింది. "మన కంపెనీ గురించి రాశావా?"

"లేదు."

"మరేం రాశావ్?"

"కరెంటు బిల్లు గురించి."

ఫోన్ పెట్టేసింది. సరే, రాస్తాను.

మేమిద్దరం ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్ళం. నాది దుప్పట్ల బండి, తనది మందుల బండి. ఒక ముసలాయనకు మంచినీళ్ళు కావాలంటే గంట మోగేది. ఆ గంటకు పక్కగది ముసలమ్మ ఉలిక్కిపడి తనూ గంట నొక్కేది. ఇక ఆ వరసంతా మోత. పైగా ఆయాలు వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి కేకలు. నాకు కేకలు వెయ్యడం రాదు. అందుకని రొషాండాకు చేతులతోనే చెప్పేదాన్ని. మేం మౌంట్ నెబో చర్చిలో అషర్లం. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఆదివారాలు జనాన్ని కూర్చోబెట్టే పని మాది. ఆరాధన జరుగుతుంటే అషర్ నోరు విప్పకూడదు. రెండు సీట్లు కావాలన్నా, ఎవరో సొమ్మసిల్లారన్నా, విసనకర్రలు పంపమన్నా, అన్నీ సైగలే. నోట్లో నాలుక లేనివాళ్ళకు గౌరవం దక్కే చోటు నాకు తెలిసి అదొక్కటే.

"ఈ సైగలు మిషనుకు నేర్పిస్తే?" అన్నది నేనే. దుప్పట్లు మడతపెడుతూ ఊరికే అన్నాను. రొషాండా అప్పటికే సాయంత్రం కాలేజీలో కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటోంది. మందుల బండి అక్కడే వదిలేసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పాత కారు కొనేముందు కోర్డెల్ కూడా అలాగే చూస్తాడు.

ఇప్పుడు మా దగ్గర మణికట్టుకు కట్టుకునే పట్టీలున్నాయి. ఒకరు సైగ చేస్తే ఆ చేతి పట్టీ దాన్ని గుర్తుపట్టి, ఎంత దూరంలో ఉన్నా మిగతా పట్టీలన్నిటినీ చప్పుడు లేకుండా వణికిస్తుంది. ఒక్కో సైగకు ఒక్కో రకం వణుకు. ప్రోగ్రాము తనది, సైగలు నావి. వంటింట్లో నిలబడి పట్టీకి ఒక్కో సైగనూ చెయ్యి పడిపోయేదాకా నేర్పాను. కంపెనీ పేరు హష్. చంటిపిల్లల్ని ఊరుకోబెట్టే మాట అది.

కోర్డెల్ షెడ్డులో అందరి ముందూ, "ఎవరూ మాట్లాడకుండా ఉండటానికో కంపెనీ! మా ఆవిడకు కాక ఇంకెవరికొస్తుంది ఈ ఆలోచన!" అన్నాడట. కోపం వచ్చింది. పైకి అనలేదు.

మార్చి 9, ఆదివారం

మా అషర్లకు పెద్ద మదర్ పిట్‌మన్. మా సంఘంలో పెద్దావిడల్ని మదర్ అనే పిలుస్తాం. ఆవిడకు సంగతి తెలిసిపోయింది. ఆరాధన అయ్యాక నన్ను చేతితొడుగుల అలమర దగ్గర పట్టుకుంది.

"దేవుడి సైగలు అమ్ముకుంటున్నారటగా?"

నేను తొడుగులు మడతపెట్టడం మొదలెట్టాను. రొషాండా వెనకనుంచి అందుకుంది. "అమ్మడం కాదు మదర్, ముసలివాళ్ళ నిద్ర కోసం."

"నేను ముసలిదాన్నే. నన్నెవరూ అడగలేదేం?" అంటూ చెయ్యి చాపింది. "కట్టండి, చూద్దాం."

కట్టాం. నేను గది ఆ మూల నుంచి విసనకర్రల సైగ చేశాను. ఆవిడ మణికట్టు వణికింది. ఆవిడ మొహం ఎలా అయిందంటే, అది నేను రాయలేను. ఆవిడ టోపీ మీది ఈకలు కూడా వణికాయి. ఆ టోపీ చూస్తే నాకెప్పుడూ పొదగబోయే నెమలి గుర్తొస్తుంది.

"మా అమ్మ పెరటి గుమ్మంలో పీచ్ పళ్ళు కూరిన పైలు అమ్మితేనే ఈ చర్చి పైకప్పు లేచింది" అంది చివరికి. "వ్యాపారం తప్పు కాదు. నన్ను అడక్కపోవడం తప్పు."

మార్చి 13, గురువారం

అట్లాంటాలో కొత్త కంపెనీల పోటీకి మమ్మల్ని పిలిచారు. గెలిచినవాళ్ళ సరుకును ఒక పెద్ద వృద్ధాశ్రమాల సంస్థ తన చోట పెట్టి చూస్తుందట. రొషాండా మా ఇంటి మెట్ల మీదే గెంతులేసింది. పోటీ ఏప్రిల్ 12న.

కంపెనీ పెట్టినవాళ్ళు ఎందరుంటే అందరూ వేదిక మీద మాట్లాడాలట. అది నిబంధన.

నేను వెళ్ళడం లేదు.

మార్చి 14

నేను వెళ్ళడం లేదని రొషాండాతో చెప్పాను. అంటే, చెప్పబోయాను. తను వినిపించుకోలేదు.

మార్చి 18, మంగళవారం

పోటీవాళ్ళు మాకో సలహాదారును ఇచ్చారు. బ్రాడ్‌ఫర్డ్ గారు. కంప్యూటరు తెర మీద కనబడ్డాడు. మంచివాడే, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాడు.

"చాలా బావుంది. మీ సాంకేతిక వ్యక్తి ఎవరు?" అన్నాడు.

"నేనే" అంది రొషాండా.

"అవునవును. అంటే, ప్రోగ్రాము రాసిన అబ్బాయి?"

"నేనే."

"ఓహో. ఆయన్ని కూడా పిలవండి, జడ్జీలు అడుగుతారు."

"బ్రాడ్‌ఫర్డ్ గారూ, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అబ్బాయి నా తమ్ముడు. వాడికి టీవీ రిమోట్ కూడా నేనే సరిచేసి పెడతాను."

ఆయన నవ్వాడు. నమ్మాడో లేదో తెలియదు. మాలాంటి నల్లమొహాలు, అందులోనూ ఆడవాళ్ళు, ఆయనకు ఎక్కువగా ఎదురుపడి ఉండరు. తర్వాత నా వైపు తిరిగి, "మరి మీరు? ఈమెకు సహాయకురాలా?" అన్నాడు.

నేను తలూపాను.

అవునన్నట్టు తలూపాను. ఎందుకూపానో నాకే తెలియదు. మెడ దానంతటదే ఊగింది.

రొషాండా తెర మూసేసింది. తర్వాత, "పంచదార ఉందా? టీ పెట్టు" అంది. పంచదార ఉంది. పెట్టాను. ఎప్పటిలా తియ్యగా పెట్టానుగానీ ఇద్దరం సగం వదిలేశాం.

మార్చి 19

అదేమంత పెద్ద విషయం కాదు. తలే కదా ఊపింది.

మార్చి 20

పెద్ద విషయమే.

మార్చి 23, ఆదివారం

పదమూడో తారీకు పేజీ మూల నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. గ్రీజులా ఉంది. పొయ్యి తుడిచి చెయ్యి కడుక్కోకుండా నేనే తిప్పి ఉంటాను.

కోర్డెల్ ఈరోజు కరెంటు బిల్లు తీసి మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివాడు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను. బాగానే ఉందన్నాడు.

మార్చి 27, గురువారం

కోర్డెల్ మా అమ్మమ్మ ఆదివారం టోపీ పెట్టుకుని సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నేను జడ్జిని. చెప్పవమ్మాయ్, నీ కంపెనీ ఏమిటి?"

నేను వెళ్ళడం లేదన్నాను.

"వెళ్ళొద్దు. ఎవరు వెళ్ళమన్నారు? ఊరికే నాకు చెప్పు."

నిలబడ్డాను. భయమేస్తే నాకో అలవాటుంది, రెండు చేతులూ ఛాతీ మీద ముడుచుకుని నన్ను నేనే వాటేసుకుంటాను. అలాగే నిలబడిపోయాను. వెంటనే ఫోన్ మోగింది. రొషాండా, కూరగాయల కొట్లోంచి.

"లీథా, ప్రార్థన ఎవరు మొదలెట్టారే? నా పట్టీ ఒకటే వణుకు!"

చేతికి పట్టీ ఉన్న సంగతే మరిచిపోయాను. రెండు చేతులూ ఛాతీ మీద ముడవడమంటే మా చర్చిలో ప్రార్థన సైగ. తలుపులు మూసెయ్యండి, ఎవరూ కదలకూడదు అని. పట్టీకి నేను నేర్పిన మొట్టమొదటి సైగ అదే.

"నీ భయానికీ ప్రార్థనకూ తేడా తెలిసేలా తర్వాత సరిచేస్తాలే" అంది.

కోర్డెల్ నవ్వీ నవ్వీ అమ్మమ్మ టోపీ నేలమీద పడేశాడు. అమ్మమ్మ ఉంటే వీపు చీరేసేది.

ఏప్రిల్ 6, ఆదివారం

మదర్ పిట్‌మన్ అషర్లందరినీ నిలబెట్టి ప్రకటించింది. పోటీకి అందరూ వస్తున్నారట. రెండు వ్యాన్లు, పూర్తి తెల్ల దుస్తులు, తొడుగులు, అందరి చేతికీ పట్టీలు. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం పండగకు ముందురోజైనా సరే.

"వాళ్ళక్కడ మనిషికో కుర్చీ వేస్తారు మదర్, అషర్లు అక్కర్లేదు" అంది రొషాండా.

"మనుషులు పోగయ్యే ప్రతిచోటా అషర్ కావాలి బిడ్డా."

తర్వాత నియమాలన్నీ మళ్ళీ ఒకసారి చదివించింది. అన్నిటికంటే గట్టిది తలుపు నియమం. ప్రార్థన సైగ వచ్చిందా, తలుపు మూసుకుంటుంది. సైగ చేసినవాళ్ళే నోరారా ఆమెన్ అనాలి, అప్పటిదాకా తలుపు తియ్యరు. మదర్ పిట్‌మన్‌కు తప్ప మిగతా అషర్లకు నోటితో అనే హక్కున్న మాట ఆమెన్ ఒక్కటే. నేనెప్పుడూ ఆ సైగ చేసే చోట నిలబడను. ఒకసారి పాస్టరుగారే ప్రార్థన మధ్యలో దగ్గొచ్చి బయటికెళ్తే మదర్ పిట్‌మన్ ఆయన్ని వానలో నిలబెట్టేసింది. సంఘంలో ఆ కథ చెప్పుకోని పెళ్ళి విందు లేదు.

ఏప్రిల్ 10

నేను వెళ్ళడం లేదు. గౌను ఇస్త్రీ చేశాను. అది ఆదివారానికి.

ఏప్రిల్ 11

తొడుగులు ఉతికాను. అవీ ఆదివారానికే.

ఏప్రిల్ 12, శనివారం

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో రాస్తున్నాను. గతుకులకు అక్షరాలు ఎగురుతున్నాయి. ఈ ఒక్కరోజు రాతకు మాత్రం నేను క్షమాపణ చెప్పను, తప్పు రోడ్డుది.

వెళ్ళాను.

అద్దాల మేడ. లోపల చల్లగా ఉంది. పోటీకొచ్చిన మగపిల్లలందరూ ఒకే రకం బూట్లు వేసుకొచ్చారు. మా రంగు ఆడవాళ్ళు నేనూ, రొషాండా, కాఫీ పోస్తున్నావిడ. ఆవిడ మమ్మల్ని చూసి, చెప్పకుండానే రెండేసి కేకుముక్కలు పెట్టింది. ఆ తర్వాత వ్యాన్లు వచ్చాయి. తెల్ల గౌన్లు రెండు వరసల్లో చప్పుడు లేకుండా నడిచొచ్చి వెనక గోడ పొడవునా కూర్చున్నాయి. కోర్డెల్ వాళ్ళ మధ్యలో పెళ్ళినాటి కోటు వేసుకుని, పాల గిన్నెలో పడ్డ ఈగలా కూర్చున్నాడు.

మా వంతు వచ్చింది. రొషాండా వేదిక మీద ఎలా మాట్లాడిందంటే, నేను కూడా వింటూ ఉండిపోయాను. తర్వాత, "ఇక ఈ సైగల కథ లీథా చెబుతుంది" అని పక్కకు తప్పుకుంది.

ముందు వరసలో బ్రాడ్‌ఫర్డ్ గారు పళ్ళన్నీ చూపించాడు. సరిగ్గా అప్పుడే పెద్ద జడ్జి ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. నేను నోరు తెరిచాను. అందులోంచి ఏమీ రాలేదు. ఇంకా తెరిచాను. అయినా రాలేదు. అప్పుడు నా చేతులు, నన్నడక్కుండానే, ఛాతీ మీదికొచ్చి నన్ను వాటేసుకున్నాయి.

వెనక వరస మొత్తం లేచింది.

ఒక్కరూ నోరెత్తలేదు. కుర్చీ కిర్రుమనలేదు. తెల్ల గౌన్లు అన్ని తలుపుల దగ్గరికీ వెళ్ళి, మూసి, వీపులానించి, కుడిచెయ్యి నడుం వెనక పెట్టి నిలబడ్డాయి. జడ్జీలు అటూ ఇటూ చూశారు. మగపిల్లలు ఫోన్లు దించారు.

అప్పుడు బయటినుంచి తలుపు కొట్టిన చప్పుడు.

"ఎవరండీ? తియ్యండి. నేను జడ్జిని!"

"అందరికీ జడ్జి పైనున్నాడు బిడ్డా" అంది మదర్ పిట్‌మన్ తలుపు సందులోంచి. "ప్రార్థన అయ్యేదాకా ఆగు."

"ఏం ప్రార్థన?"

"అది నీకూ నాకూ సంబంధం లేదు. ఆ పిల్లకూ దేవుడికీ."

తెర మీద మా సమయం కరిగిపోతోంది. ఆయన లేకుండా మమ్మల్ని లెక్కలోకే తీసుకోరు. రొషాండా పెదాలు కదలకుండా అంది, "లీథా, ఆమెన్ అను."

"నువ్వను."

"నేనంటే తియ్యరే తల్లీ! మూసింది నువ్వు!"

నిజమే. మూసింది నేను. ఆ హాల్లో ఎంతమంది చదువుకున్నవాళ్ళున్నా, ఎన్ని బూట్లున్నా, ఆ తలుపు తీయించగలిగింది నేనొక్కదాన్నే. దుప్పట్ల బండి తోసుకునే రోజుల్లో కూడా ఇంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

"ఆమెన్" అన్నాను. నాకే వినపడలేదు.

మదర్ పిట్‌మన్ అంత దూరం నుంచీ అరచెయ్యి మెల్లగా పైకెత్తింది. అది మా పాటల బృందానికి చేసే సైగ. ఇంకా గట్టిగా, అని.

"ఆమెన్!"

మైకు దద్దరిల్లింది. "ఆమెన్!" అని వెనక గోడంతా తిరిగి పలికింది. కాఫీ పోసే ఆవిడ కూడా పలికింది. తలుపులు తెరుచుకున్నాయి. పెద్ద జడ్జి నలిగిన టైతో లోపలికొచ్చి, "ఇక్కడ ఇప్పుడేం జరిగింది?" అన్నాడు.

గొంతు అప్పటికే తెరిచే ఉంది. మళ్ళీ మూసి తెరవడం కంటే అలాగే వాడుకోవడం తేలికనిపించింది.

"నాకు భయమేసిందండీ" అన్నాను. "భయమేస్తే చేతులు ఇలా పెట్టుకుంటాను. మా పట్టీ దాన్ని ప్రార్థన సైగనుకుంది. అది మా తప్పు, సరిచేస్తాం. కానీ చూడండి, ఇంతమంది లేచారు, ఇన్ని తలుపులు మూశారు. ఒక్క గంట మోగలేదు. ఒక్క కేక లేదు. ఎవరూ ఉలిక్కిపడలేదు."

"నేను ఉలిక్కిపడ్డాను" అన్నాడు ఆయన.

"మీరు బయటున్నారండీ. లోపల ఎవరూ ఉలిక్కిపడలేదు."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, కూర్చున్నాడు.

"తొందర లేదు బిడ్డా, నిదానంగా చెప్పు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మా చర్చిలో కొత్త బోధకుడు తడబడితే అలాగే అంటారు. నిదానంగా చెప్పాను. గంట మోగితే ముసలాయన గుండె ఎలా అదురుతుందో, ఆయన అదురుకు పక్కగది ముసలమ్మ ఎలా లేస్తుందో చెప్పాను. "చెప్పు తల్లీ!" "అదీ మాట!" అంటూ వాళ్ళు విసనకర్రలు ఊపుతుంటే, నాకది అట్లాంటా అనిపించలేదు. సమయం అయిపోయిందని తెర ఎర్రగా మెరిసింది. ఇంకో రెండు మాటలు చెప్పి ఆపాను.

మేం గెలవలేదు. కుక్కలకు వేళకు అన్నం పెట్టే డబ్బా గెలిచింది.

"కుక్కలకు నోరుందిగా, అడుక్కోలేవూ?" అంటూ వ్యాన్ల దాకా సణిగింది మదర్ పిట్‌మన్.

వ్యాన్లు ఆపినచోట బ్రాడ్‌ఫర్డ్ గారు ఒకావిడను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. బూడిదరంగు జుట్టు, చదునైన చెప్పులు, చూపు మాత్రం సూదిలా ఉంది. సవానా ఊళ్ళో సొంతంగా వృద్ధాశ్రమం నడుపుతుందట, పేరు డెలోరిస్ టింబర్లేక్. మధ్య వరసలో కూర్చుందట.

"ఈమె రొషాండా, ప్రోగ్రాము ఈమెదే" అన్నాడు ఆయన. అంతవరకూ నేర్చుకున్నాడు పాపం. "ఈమె లీథా, ఆమెకు..."

"ఆ సైగలు ఎవరివి?" అని అడ్డుపడింది టింబర్లేక్ గారు. "నా దగ్గర పనిచేసేవాళ్ళకు అవి నేర్పాలి. యజమానితో మాట్లాడాలి నేను. ఎవరు?"

రొషాండా నోరు తెరిచింది. నన్ను చూసింది. మూసేసుకుంది. జీవితంలో తను నోరు మూసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

నా మెడ ఊగబోయింది. ఆపాను.

"నేను" అన్నాను. "నేనూ, ఈమే. ఇద్దరం."

"ఈస్టరు అయిన వారంలో రాగలరా? ఒక వరండాకు పట్టీలు కట్టి చూద్దాం. పని చెయ్యకపోతే మొహమాటం లేకుండా పంపేస్తాను."

"వస్తాం. పని చేస్తుంది."

"ఆ ప్రార్థన సంగతి?"

"అది తీసేస్తామండీ."

"తియ్యకండి" అంది. "మా వంటవాళ్ళ మీద ఒకసారి వాడాలి."

వ్యాన్ మేకన్ దగ్గరికొచ్చేసింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను కూడా.

ఏప్రిల్ 20, ఈస్టరు ఆదివారం

కోర్డెల్, ఇది నీకే రాస్తున్నాను.

నీ బొటనవేలు నాకు తెలియదనుకున్నావా? ప్రతి పేజీ మూలా బస్సు షెడ్డు ఉంది. పొయ్యి గ్రీజు అని నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే నువ్వు చదువుతున్నావని తెలిస్తే రాసేదాన్ని కాదు, రాయకపోతే అక్కడ నోరు తెరిచేదాన్ని కాదు. కరెంటు బిల్లు మళ్ళీ వచ్చింది. బల్ల మీదుంది. అదీ చదువు.

రేపు పొద్దున్నే రొషాండాతో సవానా వెళ్తున్నాను. సంచి సర్దుకున్నాను, గౌను ఇస్త్రీ చేశాను. అది రేపటికే.

ఈ పుస్తకం చివరిదాకా చదివాక, పెరట్లో నువ్వు పంది పక్కటెముకల మాంసం కాల్చే డ్రమ్ములో పడేసి కాల్చెయ్యి. మదర్ పిట్‌మన్ టోపీ గురించి రాసిన పేజీ ముందు కాల్చు. రాత బాగోలేదని కాదు. ఇకమీద నీకు చెప్పాల్సినవి నోటితోనే చెబుతాను, చాలా ఉన్నాయి, షెడ్డులో అందరి ముందూ నువ్వు వేసిన జోకుతో మొదలుపెడతాను.

కాల్చడం మరిచిపోకు.

ఆమెన్. ఇక తలుపు తియ్యొచ్చు.